చెడిపోయిన ఆడీ కొన్నవారికి వీసీడీఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

షోరూములో ముప్ఫై లక్షల చుట్టుపక్కల పలికిన జర్మన్ కారు పదేళ్లు దాటాక, అందులోనూ ఇంజిన్ సరిగా నడవని స్థితిలో, కొత్త చిన్న కారు ధరలో సగానికే దొరకడం హైదరాబాద్ పాత కార్ల మార్కెట్లో వింతేమీ కాదు. అమ్మేవారు విసిగిపోయి ధర తగ్గిస్తారు. కొనేవారు జబ్బు చిన్నదే అయి ఉంటుందన్న ఆశతో ధైర్యం చేస్తారు. ఇంజిన్‌లో నిజంగా చెడింది ఏమిటో ఇద్దరికీ తెలియకపోవడం వల్లనే ఆ బేరం కుదురుతుంది. ఆ సంగతి తేల్చుకోవడానికి ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్ల వరకు, అంటే ఆడీ, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లకు, నేను వాడుతున్నది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన రాస్-టెక్ సంస్థ తయారుచేసే వీసీడీఎస్. స్టార్ట్ కావడానికే మొరాయిస్తున్న ఒక ఆడీ ఏ4 1.8 టీఎఫ్‌ఎస్‌ఐ (టర్బో పెట్రోలు) కారును కొని, దాని జబ్బును ఈ పరికరంతో వెతికిన అనుభవం మీద ఆధారపడి ఈ సమీక్ష రాస్తున్నాను.

వీసీడీఎస్ అనేది నిజానికి ఒక సాఫ్ట్‌వేర్. చాలా ఏళ్ల క్రితం వరకు దీన్ని వ్యాగ్-కామ్ అనేవారు. పాత మెకానిక్‌లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు, ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లకూ డబ్బు కట్టనక్కరలేదు. డబ్బు పెట్టాల్సింది కారుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య కలిపే కేబుల్‌కు. నా దగ్గర ఉన్నది హెక్స్-వీ2 అనే యూఎస్‌బీ కేబుల్. ఒక చివర స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లోకి (కారు కంప్యూటర్లతో మాట్లాడే సాకెట్ అది), రెండో చివర విండోస్ ల్యాప్‌టాప్‌లోకి వెళుతుంది. వైఫైతో పనిచేసే హెక్స్-నెట్ అనే మరో రకం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్లు సాధారణంగా ఇంజిన్ కంప్యూటర్‌లోని ఉద్గారాలకు సంబంధించిన కోడ్లను, అంటే లోపం కనిపించినప్పుడు కంప్యూటర్ రాసుకునే గుర్తులను, చదివి ఊరుకుంటాయి. వీసీడీఎస్ మాత్రం ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ, తలుపులు, స్టీరింగ్ వంటి ప్రతి మాడ్యూల్‌తోనూ (ఒక్కో వ్యవస్థను నడిపే చిన్న కంప్యూటర్‌తోనూ) విడివిడిగా మాట్లాడుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వాడే పరికరం చేసే పనిలో చాలా భాగాన్ని ఇది చేయగలదని చెప్పడం అతిశయోక్తి కాదు.

కారు సంగతికి వస్తే, దాని పాత యజమాని ఒక గ్యారేజీలో చూపించి, అక్కడ ఇచ్చిన ఎస్టిమేటు చూసి బెదిరి అమ్మకానికి పెట్టాడు. పిస్టన్ల కదలికనూ వాల్వుల కదలికనూ జతపరిచే టైమింగ్ చైన్ సాగిందని, ఇంజిన్ పై భాగమైన హెడ్ విప్పాలని, వాల్వులు వంగి ఉండవచ్చని, ఆ పైన ఇంజిన్ బోరుకు వచ్చి (సిలిండర్లు అరిగి) ఉన్నా ఆశ్చర్యం లేదని ఆ కాగితంలో రాసి ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ కొలత లేదు. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ సెన్సర్ కోడ్ ఒకటి వచ్చిందన్నది, ఇంజిన్ నుంచి వింత శబ్దం వస్తోందన్నది మాత్రమే వారి ఆధారం. పాపం, ఆ అనుమానాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువారి ఈఏ888 కుటుంబానికి చెందిన ఈ ఇంజిన్ల రెండో తరంలో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ విఫలమవడం మెకానిక్‌లందరికీ తెలిసిన విషయమే, తయారీదారు ఆ భాగం డిజైన్‌ను తర్వాత మార్చారు కూడా. టెన్షనర్ పట్టు వదిలితే చైన్ పళ్లు దాటుతుంది, పిస్టన్లు వెళ్లి వాల్వులను ఢీకొంటాయి. కాబట్టి ఇలాంటి కారు కొన్నవారు చేయకూడని మొదటి పని, ఏం జరుగుతుందో చూద్దామని తాళం తిప్పడం.

ఆ పని చేయకముందే చైన్ సంగతి కొంత తెలుసుకోవడానికి వీసీడీఎస్‌తో సంబంధం లేని ఒక మార్గం ఉంది. టైమింగ్ వైపు కింది కవరుకు ఒక రబ్బరు బిరడా ఉంటుంది. దాన్ని తీసి టార్చిలైటు, చిన్న అద్దం సాయంతో చూస్తే టెన్షనర్ పిస్టన్ కనిపిస్తుంది. దాని మీది గాట్లు ఎన్ని బయటికి వచ్చాయన్న దాన్నిబట్టి చైన్ ఎంత సాగిందో అంచనా వేస్తారు. ఈ కారులో పిస్టన్ పెద్దగా బయటికి రాలేదు, పైగా టెన్షనర్ మార్చిన డిజైన్‌దే. ఎస్టిమేటులోని పెద్ద ఖర్చు మీద మొదటి సందేహం అక్కడ పుట్టింది.

తర్వాత బ్యాటరీకి చార్జర్ పెట్టి, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, ఆటో-స్కాన్ అనే బటన్ నొక్కాను. ఇది అన్ని మాడ్యూళ్లనూ వరసగా పలకరించి, వాటిలో ఉన్న కోడ్లన్నింటినీ ఒకే నివేదికగా రాసి ఇస్తుంది. నెలల తరబడి నిలిచిపోయిన కారులో మొదటి నివేదిక ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది: తలుపుల నుంచి సస్పెన్షన్ దాకా ప్రతి మాడ్యూలూ ఏదో ఒక ఫిర్యాదు చేస్తుంది. వాటిలో అధిక భాగం బ్యాటరీ పడిపోయినప్పుడు పుట్టినవే. వీసీడీఎస్ ఇక్కడ చేసే మేలు, ప్రతి కోడ్‌తోపాటు అది నమోదైన క్షణంలోని వోల్టేజీ, ఇంజిన్ వేగం, కిలోమీటర్ల రీడింగు వంటి వివరాలను చూపించడం. తొమ్మిది వోల్టుల దగ్గర పుట్టిన ఫిర్యాదును పక్కన పెట్టేయవచ్చు. మొదటి నివేదికను దాచుకుని, కోడ్లన్నీ చెరిపి, కారును కాసేపు నడవనిచ్చి, మళ్లీ స్కాన్ చేసినప్పుడు తిరిగి వచ్చినవే అసలు జబ్బులు. మొదటి నివేదికను దాచకుండా చెరిపేసేవారు చేతిలో ఉన్న సాక్ష్యాన్ని తామే పారేసుకున్నట్టు.

చెడిపోయిన కారు కొనేవారికి ఈ నివేదిక ఇంకో రెండు విధాలుగా అక్కరకొస్తుంది. కోడ్‌తోపాటు ఉన్న కిలోమీటర్ల సంఖ్య మీటర్‌లో కనిపించేదానికంటే ఎక్కువగా ఉంటే ఎవరో మీటర్‌ను వెనక్కి తిప్పారని అనుమానించవలసిందే. అలాగే సీట్ల కింద, డిక్కీ అడుగున, అంటే నీళ్లు చేరే చోట ఉండే మాడ్యూళ్లు వరసగా జవాబివ్వకపోతే, ఆ కారు వరదలో మునిగి ఉండవచ్చు. 2015 చెన్నై వరదల తర్వాత, 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వానల తర్వాత ఈ జాగ్రత్త అవసరం ఎంతగా పెరిగిందో పాత కార్లు కొనేవారికి చెప్పనక్కరలేదు. నేను కొన్న కారులో ఈ రెండు లక్షణాలూ లేవు. బేరం ఆడే ముందే కేబుల్ పెట్టి చూడనివ్వమని అడగడం మంచిది. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడం ఇంకా మంచిది.

రెండో స్కాన్‌లో ఇంజిన్ వైపు మూడు కోడ్లు తిరిగి వచ్చాయి. పీ2187, అంటే ఐడ్లింగ్‌లో (బండి నిలిచి ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు) గాలితో కలిసే పెట్రోలు తక్కువగా ఉందని. పీ0303, అంటే మూడో సిలిండర్ మిస్ అవుతోందని, అందులో పెట్రోలు సరిగా మండటం లేదని. ఇంకొకటి గ్యారేజీవారిని చైన్ వైపు నడిపించిన పీ0341, అంటే జీ40 అనే కామ్‌షాఫ్ట్ సెన్సర్ సంకేతం పొంతన లేకుండా ఉందని. ఈ చివరిదాని పక్కన, అప్పుడప్పుడు వచ్చిపోతోందన్న గుర్తు ఉంది. సాగిన చైన్ సాధారణంగా వచ్చిపోయే రకం కాదు. ఈ చిన్న మాటను ఎస్టిమేటు రాసినవారు చదివి ఉంటే బహుశా ఈ కారు నా దాకా వచ్చేది కాదు.

వీసీడీఎస్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది కోడ్ల పట్టిక దగ్గర కాదు, మెజరింగ్ బ్లాక్స్ అనే తెర దగ్గర. ఇంజిన్ నడుస్తుండగా కంప్యూటర్ లోపల చూసుకుంటున్న విలువలను ఇది గ్రూపులుగా చూపిస్తుంది. ఈ తరం ఇంజిన్‌లో 93వ గ్రూపు కామ్‌షాఫ్ట్ దశను డిగ్రీలలో చెబుతుంది. అది సున్నా దగ్గర ఉంటే చైన్ కొలత ప్రకారం ఉన్నట్టు. మైనస్ 4 దరిదాపులకు వెళితే చైన్ మార్చే ఏర్పాటు చేసుకోవాలని ఈ ఇంజిన్లను విప్పే మెకానిక్‌ల లెక్క. మా కారులో అది సున్నాకు ఒక డిగ్రీ లోపే నిలిచింది. గాట్లు చూసి కలిగిన సందేహం ఈ అంకెతో దాదాపు నిర్ధారణ అయింది. హెడ్ విప్పాల్సిన అవసరమేమీ కనిపించలేదు.

ఇక 32వ గ్రూపు. పెట్రోలు మోతాదును కంప్యూటర్ తనంతట తాను ఎంత సవరిస్తోందో ఇందులో రెండు గడులు చెబుతాయి: మొదటిది ఐడ్లింగ్‌లో చేసే సవరణ, రెండోది రోడ్డు మీద నడిచేటప్పటిది. మొదటి గడిలో సవరణ బాగా పైకెక్కి, రెండో గడి మామూలుగా ఉంది. ఇది చదవడం నేర్చుకున్నవారికి ఈ ఒక్క జత అంకెలే సగం రోగనిర్ణయం. పెట్రోలు పంపో ఇంజెక్టరో బలహీనపడితే లోడ్ పెరిగే కొద్దీ పెట్రోలు చాలక రెండో గడి పైకెక్కుతుంది. లెక్కకు రాని గాలి ఎక్కడి నుంచో లోపలికి చొరబడుతుంటే, ఇంజిన్ తక్కువ గాలి పీల్చే ఐడ్లింగ్‌లోనే దాని ప్రభావం పెద్దగా కనిపిస్తుంది, వేగం పెరిగాక లక్షపెట్టనంత చిన్నదవుతుంది. కాబట్టి వెతకాల్సింది గాలి కన్నాన్ని.

ఆ కన్నం చిరునామాను శబ్దమే చెప్పింది. గ్యారేజీవారు చైన్ మోత అనుకున్నది ఇంజిన్ వేడెక్కాక మొదలయ్యే నక్క ఊళలాంటి సన్నని కూత. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిల్ పోసే మూత తిప్పబోతే అది లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుపోయి ఉంది. బలంగా లాగి కొద్దిగా ఎత్తగానే కూత ఠక్కున ఆగింది, ఐడ్లింగ్ మారింది. మూత మూయగానే కూత మళ్లీ మొదలైంది. ఇంజిన్ లోపలి వాయువులను బయటికి లాగే దారిని అదుపు చేసేది వాల్వ్ కవరు మీద ఉండే పీసీవీ వాల్వు; దానిలోని పల్చని రబ్బరు పొర వయసు మీద పడి చిరిగితే ఇంజిన్ లోపల పీల్పు అతిగా పెరుగుతుంది, క్రాంక్ ఆయిల్ సీలు అంచుల నుంచి గాలి లోపలికి లాగబడి ఆ కూత పుడుతుంది. పీసీవీని కొన్ని టార్క్స్ స్క్రూలు విప్పి మార్చవచ్చు, హెడ్‌తో దానికి పని లేదు. కొత్తది బిగించాక 32వ గ్రూపు మొదటి గడి దిగివచ్చింది, పీ2187 మళ్లీ కనిపించలేదు.

మూడో సిలిండర్ మాత్రం లొంగలేదు. 15వ గ్రూపులో మొదటి మూడు సిలిండర్లు ఎన్నిసార్లు మిస్ అయ్యాయో లెక్క కనిపిస్తుంది, నాలుగోది 16వ గ్రూపులో ఉంటుంది. ప్లగ్గుకు కరెంటు అందించే మూడో కాయిల్‌ను ఒకటో చోటికి మార్చి చూస్తే మిస్ ఒకటో చోటికి రాలేదు, మూడులోనే ఉండిపోయింది. ప్లగ్గులు మార్చినా అంతే. కాయిలూ ప్లగ్గూ నిర్దోషులని తేలాక, తెర మీద 15వ గ్రూపు ఉంచి, వాల్వ్ కవరు మీదుగా వెళ్లే వైర్ల కట్టను చేత్తో నెమ్మదిగా కదిలించాను. ఒక చోట వంచగానే మూడో గడిలోని అంకె గబగబా ఎగబాకింది, వదలగానే ఆగింది. అక్కడ టేపు విప్పితే ఎలుక పళ్ల గాట్లు, పచ్చగా చిలుము పట్టిన రాగి తీగలు కనిపించాయి. మూడో కాయిల్‌కు వెళ్లే వైరుతోపాటు జీ40 సెన్సర్ వైరు కూడా అదే చోట సగం తెగి ఉంది. అప్పుడప్పుడు వచ్చిపోయే పీ0341 వెనుక కథ అది. ఆ వైర్లను కొత్త తీగతో కలిపి, ష్రింక్ స్లీవు తొడిగాక రెండు కోడ్లూ పోయాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కూడా గేజితో కొలిపించాను. ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. బోరు మాట కూడా అంతటితో పోయింది.

ఇంత చెప్పాక పరికరం పరిమితులు చెప్పకపోతే అన్యాయం. ఎలుక కొరికిన చోటును వీసీడీఎస్ చూపలేదు, చూపజాలదు. అది చెప్పేదంతా కారు కంప్యూటర్‌కు తెలిసినదే. కంప్యూటర్‌కు కళ్లు లేవు. పీ0303 అని రాగానే మూడో కాయిల్ కొనేవారికి, పీ0341 అని రాగానే హెడ్ విప్పేవారికి ఈ కేబుల్ వల్ల ఖర్చు పెరగడమే తప్ప తగ్గదు. మల్టీమీటరు, కంప్రెషన్ గేజి, వీలైతే పొగ పట్టించి గాలి కన్నాలు వెతికే యంత్రం కూడా ఉన్న షెడ్డుతో పరిచయం ఉండాలి. ఆయిల్ తాగే జబ్బును కూడా ఇది పట్టుకోలేదు. ఇదే కుటుంబానికి చెందిన 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజిన్లున్న 2009–2011 మోడళ్లు ఆయిల్ అతిగా తాగుతున్నాయని అమెరికాలో వినియోగదారులు వేసిన సామూహిక దావా రాజీతో ముగిసింది. అటువంటి ఇంజిన్ ఎంత తాగుతోందో తెలియాలంటే ఆయిల్‌ను నిండుగా నింపి, వెయ్యి కిలోమీటర్లు నడిపి, ఎంత తగ్గిందో కొలవడం తప్ప వేరే దారి లేదు.

కొన్ని పనులకు ఈ సాఫ్ట్‌వేర్ అసలు పూనుకోదు. ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం కొత్తగా ఎక్కించలేదు. వేరే ఆడీ నుంచి తీసిన కొన్ని మాడ్యూళ్లు బిగిస్తే అడ్డుపడే కాంపోనెంట్ ప్రొటెక్షన్‌ను తొలగించడానికి కంపెనీ సర్వర్‌తో కలిసే డీలరు పరికరమే కావాలి. తుక్కు కార్ల భాగాలతో బండి కట్టాలనుకునేవారు దీన్ని ముందే గుర్తుంచుకోవాలి. కొత్త తరం కార్లలో గ్రూపు సంఖ్యలు ఉండవు. విలువలను పేర్లనుబట్టి పెద్ద జాబితాలోంచి ఏరుకోవాలి, అది కొంత ఓపిక కోరే పని. తెరలు చూడడానికి ఇరవై ఏళ్ల క్రితం విండోస్ ప్రోగ్రాంలా ఉంటాయి. నాకైతే అది లోపంగా తోచలేదు. ఎండలో బానెట్ పక్కన నిలబడి చదివేవారికి పెద్ద అంకెలు, తక్కువ అలంకారం ఉండటమే సుఖం. భాష మాత్రం అడ్డంకే: ఇంగ్లీషులో, అదీ జర్మన్ ఇంజినీర్ల సంక్షిప్త పదాలతో నిండిన ఇంగ్లీషులో ఉంటుంది. కంపెనీవారు ఉచితంగా అందుబాటులో ఉంచిన వికీలో చాలా కోడ్లకు కారణాలు, చూడవలసిన భాగాలు వివరంగా ఉన్నాయి కనుక, కొంత కూర్చుని చదివితే ఆ అడ్డంకిని దాటవచ్చు.

ధర విషయానికి వస్తే, మూడు కార్లకు మాత్రమే పనిచేసే కేబుల్, పది కార్ల కేబుల్, పరిమితి లేని వృత్తిదారుల కేబుల్ అని రకాలున్నాయి. సొంత కారు ఒక్కటే ఉన్నవారికి మొదటిది చాలు; దానికి అమెరికాలో పలికే ధరకు రవాణా, సుంకం కలిపి లెక్కవేసుకోవాలి. అమెరికాలో ఉన్న మన బంధుమిత్రులు వచ్చేటప్పుడు తెప్పించుకునేవారూ ఉన్నారు. ఆన్‌లైన్ అంగళ్లలో ఇదే పేరుతో, పదో వంతు ధరకు దొరికే నకిలీ కేబుళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటికి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు పడవు, కంపెనీ సాయం అందదు. కోడింగ్ (మాడ్యూల్ అమరికలు మార్చే పని) మధ్యలో కనెక్షన్ తెగితే ఆ మాడ్యూల్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. నడవని కారును ఖరీదైన గేర్‌బాక్స్ మాడ్యూల్‌తో సహా చేతిలో పెట్టుకుని, కేబుల్ దగ్గర పొదుపు చేయడంలో అర్థం లేదు.

చేసిన పని సరిగా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇందులో నాకు నచ్చిన సౌకర్యాలు రెండు ఉన్నాయి. మొదటిది లాగ్: 115వ గ్రూపులో టర్బో నుంచి కంప్యూటర్ కోరిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి పక్కపక్కనే కనిపిస్తాయి. పక్క సీట్లో మరొకరు ల్యాప్‌టాప్ పట్టుకోగా ఖాళీ రోడ్డు మీద ఒకసారి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆ అంకెలను ఫైలుగా దాచుకుని ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు. నడుపుతూ తెర చూసే సాహసం ఎవరూ చేయకూడదు. రెండోది రెడీనెస్: ఉద్గారాలకు సంబంధించిన పరీక్షలను కారు తనకు తాను ముగించుకుందో లేదో ఎనిమిది అంకెల వరసగా చెబుతుంది. కోడ్లు చెరిపిన వెంటనే వాటిలో ఒకట్లు కనిపిస్తాయి. కారు రకరకాల వేగాల్లో తిరిగే కొద్దీ ఒక్కొక్కటే సున్నాగా మారుతుంది. అమ్మకందారు చూపించే కారులో హెచ్చరిక దీపం వెలగకపోయినా ఈ వరసలో ఒకట్లు ఎక్కువగా ఉన్నాయంటే, కొనేవారు రావడానికి కొద్దిసేపటి ముందే ఎవరో కోడ్లు చెరిపి ఉండవచ్చు. అలాంటప్పుడు కారును ఒక పూట మనతో తిప్పనిచ్చి మళ్లీ స్కాన్ చేయనివ్వమని అడగాలి, అంతవరకు బయానా ఇవ్వకూడదు.